మునెప్ప అమ్మిన వాకిళ్ళు

మదనపల్లెలో పుంగనూరు రోడ్డు మీద నాది ఇనుప సామాన్ల అంగడి. మేకులు, బందులు, గొళ్ళేలు, రంగు డబ్బాలు అమ్ముతాను. అంగడి వెనకాలే మా ఇల్లు. రోడ్డుకు అవతల మునెప్ప ఇల్లు, దాని పక్కన వాడి పాత కలప యార్డు. పొద్దున్నే షట్టరు ఎత్తగానే నాకు మొదట కనబడేది వాడి మొహమే. అయినా నా వ్యాపారం నడుస్తోందంటే దేవుడు దయగలవాడనే అనుకోవాలి.

ఈ మధ్య వాడి గురించి బెంగళూరు నుంచి మనుషులు వచ్చి రాసుకుపోతున్నారు. పోయిన నెల తేజస్విని అని ఒక పత్రిక పిల్ల వచ్చింది. ఒక చెవికే కమ్మ పెట్టుకుంది. నా అంగట్లో స్టూలు మీద కూర్చుని, "బీగం బారు ఒక తరాన్నే మార్చేసింది కదా సార్, అందులో మునెప్పగారి పాత్ర గురించి మీ మాటల్లో చెప్పండి" అంది. పాత్రంట! తరాన్ని మార్చిందో లేదో నాకు తెలియదు గానీ, మా చుట్టుపక్కల ఊళ్ళ వాకిళ్ళను మాత్రం మార్చేసిందమ్మా అన్నాను. ఆ పిల్ల నవ్వింది, రాసుకోలేదు. టీ తాగి, మునెప్ప ఫోటో తీసుకుని వెళ్ళిపోయింది. ఆ పిల్ల రాసుకోనిది ఇక్కడ చెబుతున్నాను.

మునెప్ప మొదట్లో టీవీఎస్ మోపెడ్ మీద ఊరూరా తిరిగేవాడు. పాత ఇనుముకు ఎర్రగడ్డలు, రాలిన వెంట్రుకలకు స్టీలు గిన్నెలు. నిమ్మనపల్లె నుంచి కలకడ దాకా వాడి అరుపు వినని వీధి లేదు. అప్పట్లో మనిషి అంత చెడ్డవాడు కాదు. చెడిపోవడానికి కావలసిన స్తోమతు లేదు, అంతే. మాట మాత్రం అప్పటినుంచీ పెద్దదే. పగిలిన ఇత్తడి చెంబు చూపించి ఇది ఫలానా జమీందారు స్నానం చేసిన చెంబు అనేవాడు. చెంబుతో ఎవడైనా స్నానమే చేస్తాడు, అందులో గొప్పేముంది అని నేను మొహం మీదే అడిగినా సిగ్గుపడేవాడు కాదు.

వాడిలో చెప్పుకోదగ్గది ఒక్కటే, వాడి పెళ్ళాం అక్కమ్మ. ఆ ఇల్లు వాడి తాత కట్టింది. మట్టిగోడలు, పైన పెంకు, ముందు వేప గడప. ఎన్ని కాళ్ళు దాటాయో, నట్టనడుమ దోసిలి పట్టేంత గుంటగా అరిగిపోయింది. అక్కమ్మకు వరసగా ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు. మూడో కాన్పుకు రూప పుట్టింది. బిడ్డలు నిలవని ఇళ్ళకు మా పక్క ఒక పద్ధతి ఉంది. పుట్టిన బిడ్డను చేటలో పడుకోబెట్టి గడప మీద పెడతారు. కన్నతల్లి ఈ బిడ్డ నాకు వద్దని మొహం తిప్పుకుంటుంది. ఇరుగింటి ఆడమనిషి వచ్చి గుప్పెడు తవుడు ఇచ్చి కొనుక్కుంటుంది. అట్లా చేస్తే బిడ్డ దక్కుతుందని నమ్మకం. రూపను కొన్నది మా అమ్మ మునిలక్ష్మమ్మ. అంటే లెక్కకు రూప మా ఇంటి పిల్ల, అక్కమ్మ మా కోసం పెంచిపెట్టింది. మా అమ్మ ఇప్పటికీ ఆ పిల్లను "తవుడూ" అనే పిలుస్తుంది.

రూప బతికింది. డాక్టరు సూదులేశాడు కాబట్టి బతికింది అంటాడు మునెప్ప. గడప ఇచ్చిన బిడ్డ అంటుంది అక్కమ్మ. ప్రతి శుక్రవారం తెల్లవారకముందే గడప కడిగి, పసుపు తడిపి చేత్తో రాసి, కుంకుమ బొట్లు పెట్టేది. జ్వరం వచ్చినా మానలేదు. మునెప్ప తాగి వచ్చి నోటికొచ్చినట్టు తిట్టిన మర్నాడు కూడా మానలేదు. మొగుడితో మాట్లాడకపోయినా గడపతో ఏదో గొణిగేది.

ఇక బారు సంగతి. పదేళ్ళ పైమాట. నవీన్ అని బెంగళూరు కుర్రాడు కారులో వచ్చాడు. గడ్డం, నెత్తిన జుట్టు ముడి. వాళ్ళ తాతలది కుప్పం దగ్గర పల్లెట, అందుకని తెలుగు వచ్చు. తలుపూ ద్వారబంధమూ కలిపి పాత వాకిలి కావాలన్నాడు. ఎంత పాతదైతే అంత మంచిదన్నాడు. మునెప్ప పుంగనూరు దగ్గర వాడి మేనత్త మేకల కొట్టం వాకిలి ఊడబెరికి తెచ్చాడు. చెక్క నిండా మేకలు కొమ్ములతో గీరిన గీతలు. నవీన్ ఆ గీతల మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. ఇంకాసేపు ఉంటే ఏడ్చేవాడు. "దీని వెనక చాలా చరిత్ర ఉన్నట్టుంది" అన్నాడు. మునెప్ప క్షణం కూడా తడబడలేదు. "పాలెగాడి ఖజానా వాకిలి సార్. అయ్యి కత్తి గాట్లు" అన్నాడు.

ఆ మేకల వాకిలి పెట్టి నవీన్ బెంగళూరులో ఒక సందులో బారు తెరిచాడు. పేరు బీగం. బోర్డు ఉండదు. బయటినుంచి చూస్తే పాడుబడిన ఇల్లు, వాకిలికి తుప్పు పట్టిన బీగం. గొళ్ళెం తడితే లోపలివాడు సందులోంచి చూసి ఆనాటి గుర్తుమాట అడుగుతాడు. చెప్పినవాడికే తెరుస్తాడు. లోపల మందు మందులా ఇవ్వరు. చింతపులుసు కలుపుతారు, గ్లాసు అంచుకు కారం రాస్తారు, పైన కరివేపాకు రెమ్మ నిలబెడతారు, దానికి పొగ పట్టిస్తారు. ఏదో దేశంలో మందు నిషేధం ఉన్నప్పుడు ఇట్లా చాటుగా తాగేవాళ్ళట, ఇది దానికి జ్ఞాపకార్థమట. మాకూ ఒకప్పుడు నిషేధం వచ్చింది. కుప్పం వాళ్ళు రాష్ట్రం హద్దు దాటిపోయి తాగి, తూలుతూ తిరిగొచ్చేవాళ్ళు. వాళ్ళ జ్ఞాపకార్థం ఎవడూ ఏమీ కట్టలేదు.

మా ఊళ్ళో తాగేవాడు దాక్కుంటాడంటే పెళ్ళానికి భయపడో, మామ చూస్తాడనో. వీళ్ళకు ఎవరి భయమూ లేదు, అయినా దాక్కుంటారు. దాక్కుని ఫోటో తీసుకుని, ఇదిగో మేము దాక్కున్నామని లోకమంతటికీ పంపుకుంటారు. ఇదేం పిచ్చో నాకు అర్థం కాదు.

పిచ్చి ఒక్కచోట ఆగితే బాగుండేది. బీగంలో పనిచేసిన ప్రతివాడూ బయటికొచ్చి తనదీ ఒక చాటు బారు పెట్టాడు. గ్లాసులు కడిగినవాడు చెన్నైలో, ఐసు కొట్టినవాడు హైదరాబాదులో, గొళ్ళెం తీసినవాడు గోవాలో. ప్రతివాడూ నేను బీగంలో నేర్చుకున్నానని చెప్పుకునేవాడే. ప్రతివాడికీ ఒక పాత వాకిలి కావాలి, దానికొక కథ కావాలి. ఈ రెండూ దొరికే చోటు దేశం మొత్తం మీద ఒకటే, మా మునెప్ప యార్డు.

అంతే, వాడి కళ్ళు నెత్తికెక్కాయి. మోపెడ్ పోయి కారొచ్చింది. లుంగీ పోయి జీన్సు ప్యాంటు వచ్చింది. చూపు బాగానే ఉన్నా మెడలో కళ్ళద్దాలు వేలాడదీశాడు. కార్డు మీద వారసత్వ కలప నిపుణుడు అని అచ్చు వేయించాడు. వాకిలి ముందు నిలబడి వేళ్ళతో టకటక కొట్టి, చెవి ఆనించి, "మాట్లాడతాండాది" అనేవాడు. బెంగళూరు పిల్లకాయలు నోరు వెళ్ళబెట్టి వినేవాళ్ళు. పందుల దొడ్డి తలుపు రాజనర్తకి గది తలుపయింది. పెద్దతిప్పసముద్రంలో కూలిన చావిడి కిటికీ దండనాయకుడి కిటికీ అయింది. ఈ కూతలన్నీ ఆ బార్లవాళ్ళు మెనూల మీద అచ్చు వేయించారు.

అమ్మినవాళ్ళేమైనా తక్కువ తిన్నారా? నాలుగు తరాల వాకిలి ఇచ్చేసి ఫ్లష్ డోరు పెట్టించుకున్నారు. మొదటి వానకే అది ఉబ్బి మూసుకోదు. అప్పుడు నా అంగడికి పరిగెత్తుకొచ్చి, "అన్నా, గట్టి గడియ ఒకటి ఇయ్యి" అంటారు. గడియ ఇచ్చేవాణ్ణి. బుద్ధి నా అంగట్లో దొరకదు.

అయితే ఒక్క విషయంలో మా వాళ్ళు గట్టిగా నిలబడ్డారు. వాకిలి ఇస్తారు, బందులిస్తారు, గొళ్ళెం ఇస్తారు. గడప ఇవ్వరు. ద్వారబంధం కాళ్ళు రంపంతో కోసి, పై మూడు పక్కలే ఎత్తుకుపోవాలి. గడప లక్ష్మి. ఇల్లు అమ్మినా దానికి దండం పెట్టుకుని కన్నీళ్ళతో వస్తారు గానీ, దాన్ని ఊడబెరికి అమ్మరు. మునెప్పకూ అది తెలుసు. బీగంతో సహా దేశంలో ఉన్న ఆ చాటు బార్లన్నిటికీ కింద ఉన్నది ఉత్త సిమెంటే.

పోయిన ఏడాది బీగం ఉన్న కట్టడాన్ని దాని సొంతదారు పడగొట్టించాడు. బారు మూతపడింది. ఆ రోజు జరిగిన ఏడుపులు ఫోనులో చూశాను. ఒకడు మేకల వాకిలిని కావలించుకుని ఏడ్చాడు. పేపర్లో పెద్ద వ్యాసాలు వచ్చాయి. కొన్నాళ్ళకు నవీన్ ఇంకో చోట బీగాన్ని ఇంకా పెద్దగా తెరుస్తున్నానని ప్రకటించి, మునెప్పకు ఫోన్ చేశాడు. ఈసారి మూడు పక్కలు చాలవట. నాలుగోది కావాలట. మనుషులు దాటి దాటి అరిగిపోయిన అసలు గడప.

మునెప్ప నెలరోజులు తిరిగాడు. నిమ్మనపల్లెలో నవ్వి పంపించారు. కలకడలో ఒక ముసలమ్మ, "నీ ఇంట్లో గడప లేదా? దాన్ని అమ్ముకోపో" అని చీపురు ఎత్తిందట. ఈ సంగతి వాడే నా అంగడి ముందు నిలబడి నవ్వుతూ చెప్పాడు. చెబుతూ చెబుతూ తిరిగి తన ఇంటి వైపు చూశాడు. నాకు ఒళ్ళు మండింది.

"రేయ్ మునెప్పా, ఆ ఆలోచన పెట్టుకున్నావంటే కాళ్ళిరగ్గొడతా" అన్నాను.

"ఛ, నువ్వొకడివి. అక్కమ్మ నన్ను బతకనిస్తాదా?" అన్నాడు.

అప్పటికి రూపకు నెలలు నిండుతున్నాయి. ఆ పిల్ల కుప్పంలో టీచరు, మొగుడు ప్రవీణ్‌కూ అక్కడే ఉద్యోగం. అంతకుముందు ఒకసారి కడుపు నిలవలేదు. ఈసారి డాక్టరు కదలొద్దన్నాడు. లేకపోతే మొదటి కాన్పు పుట్టింట్లోనే జరగాలి కదా. అందుకని అక్కమ్మే కుప్పం బయల్దేరింది. బిడ్డ నిలిస్తే చేటలో పెట్టి ఈ గడప మీదే మా అమ్మకు మళ్ళీ అమ్ముతానని మొక్కుకుంది. అది జరిగేదాకా ఆ మనిషికి బిడ్డ దక్కినట్టు కాదు. బస్సుకు పోయేముందు మొగుడికి చెప్పింది, నేను విన్నాను.

"బిడ్డను తీసుకోని నేరుగా ఈడికే వస్తా. అటక మీద సేట ఉండాది, దించి తుడిసి పెట్టు. శుక్రవారం గడపకు పసుపు రాయి. మరిసేవు."

"అట్లే మే. నేను సూసుకుంటా గదా, నువ్వు పో" అన్నాడు మునెప్ప.

చూసుకున్నాడు, ఏం చూసుకున్నాడు! ఆడబిడ్డ పుట్టిందని కుప్పం నుంచి కబురొచ్చిన వారంలో నేను సరుకుకు చెన్నై పోయాను. వాడు అదను చూసి మనుషుల్ని పెట్టి గడప తీయించాడు. మా అమ్మ వీధిలోంచి, "ఏమప్పా మునెప్పా, గడప యాల పెరుకుతాండారు?" అని అరిచిందట. "సెద పట్టింది పెద్దమ్మా. అక్కమ్మ వచ్చేలోపల బాగుసేయించి పెడతా" అన్నాడట. నేను తిరిగొచ్చాక నాకూ అదే చెప్పాడు. వాడి నోట కూడా ఎప్పుడో ఒకసారి నిజం రావాలి కదా, ఇదే ఆ రోజేమో అనుకున్నాను.

పురుడు వెళ్ళాక ప్రవీణ్ కారులో అందరూ వచ్చారు. పదకొండు గంటల ఎండ. ముందు అక్కమ్మ దిగింది. వెనక రూప, చేతుల్లో తెల్లగుడ్డలో చుట్టిన బిడ్డ. మా అమ్మ కొంగులో తవుడు మూటగట్టుకుని నవ్వుతూ రోడ్డు దాటుతోంది. అక్కమ్మ ఇంటి ముందుకు వెళ్ళి ఆగిపోయింది. వాకిలి ఉంది. కింద గడప ఉండాల్సిన చోట పెచ్చులూడిన మట్టి, అందులో నాలుగు ఇటుకలు.

"ఏమప్పా, గడపేది?" అంది.

"సెద పట్టింది మే. బాగు సేసేకి ఇచ్చినా."

"వారం వారం నేను సేత్తో తడిమే గడప. సెద పట్టింటే నా యేళ్ళకు తెలిసుండదా?"

మునెప్ప మెడలో కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"యాడికి అమ్మినావు?" అంది అక్కమ్మ. అరవలేదు. అరిచి ఉంటే వాడికే మంచిది, తిరిగి అరిచేవాడు.

"అమ్మినట్టు కాదు మే, నీకు అర్థం కాదు. నవీన్ సారు కొత్త బారుకు ముందర పెడతాండాడు. వేలమంది సూస్తారు. పేపర్లో వస్తాది."

"అది సూసేది కాదప్పా, దాటేది" అంది.

రూప వెనకనుంచి, "పోనీలేమ్మా, లోపలికి పోదాం, బిడ్డకు ఎండ తగుల్తాండాది" అంది. అక్కమ్మ కూతురి మీద తిరగబడింది. "నువ్వు నోర్ముయ్. నువ్వెట్ల బతికినావో నీకేం తెల్సు. నీకు ముందర ఇద్దర్ని అదే వాకిట్లోంచి ఎత్తుకోని పోయినారు" అంది. అప్పుడు ఏడ్చింది. వీధి మధ్యలో, అంగళ్ళవాళ్ళందరూ చూస్తుండగా, నోటికి కొంగు అడ్డం కూడా పెట్టుకోకుండా ఏడ్చింది. మా అమ్మ వచ్చి బిడ్డనూ తల్లినీ మా ఇంట్లోకి తీసుకుపోయింది. మునెప్ప, "ఈ ఆడోళ్ళ మూఢనమ్మకాలు" అని నాతో అనబోయాడు. నేను వాణ్ణి ఏమన్నానో ఇక్కడ రాయడానికి వీల్లేదు.

మర్నాడు శుక్రవారం. బెంగళూరు పోవడానికి నా సరుకు బండి తీశాను. అక్కమ్మ ముందు సీట్లో కూర్చుంది, ఒళ్ళో చిన్న సంచి. మునెప్పను వెనక చెక్కపెట్టెల పక్కన కూర్చోబెట్టాను. నిపుణుడు కదా, కలపతోనే ఉండనీ. చింతామణి దాకా వెనక కంతలోంచి, "టేకుది పెట్టిస్తా మే, ఏనుగులు సెక్కిస్తా" అంటూనే ఉన్నాడు.

బీగం కొత్త బారు తెరవడానికి ఇంకా వారం ఉంది. పగటిపూట కాబట్టి గుర్తుమాటలూ నాటకాలూ లేవు, తలుపు బార్లా తీసి ఉంది. మేకల కొట్టం వాకిలే మళ్ళీ నిలబెట్టారు. దాని కింద అక్కమ్మ గడప. పక్క గోడకు ఇత్తడి రేకు, దాని మీద అక్షరాలు. ఏం రాసుందన్నా అని అక్కమ్మ అడిగితే చదివి చెప్పాను. పాలెగాడి పట్టపురాణి అంతఃపురం గడప అట. రాణి పాదాలు తాకి అరిగిందట.

అక్కమ్మ మునెప్ప వైపు చూసింది. "యా రాణి అప్పా? దీనికి ఆనుకోని కూసోని మూడువంతుల బతుకు సింతపండు గింజలు తీసింది నేను" అంది.

నవీన్ లోపలినుంచి వచ్చాడు. సంగతి విని వాడి మొహం మాడిపోయింది. ఇది మీ ఇంటిదని నాకు తెలియదమ్మా, ఈయన పుంగనూరు కోటలోదని చెప్పాడు అన్నాడు. మునెప్ప పైకప్పు వైపు చూస్తున్నాడు. "అమ్మా, మీకు కావాలంటే ఇప్పుడే తీయిస్తా, తీసుకుపోండి" అన్నాడు నవీన్. మర్యాదగానే అన్నాడు. వాణ్ణి తిట్టడానికి ఎంతో దూరం నుంచి తయారై వచ్చిన నాకు కాస్త నిరాశ కలిగింది.

అక్కమ్మ చేతులెత్తి వాడికి దండం పెట్టింది. "సల్లగుండు నాయినా" అంది. తర్వాత గడప ముందు కూర్చుని సంచి విప్పింది. చిన్న చెంబు, పసుపు డబ్బీ, కుంకుమ భరిణె. శుక్రవారం కదా, ఊరికి పోయేదాకా ఆగలేకపోయింది. పసుపు తడిపి అరచేత్తో తీసుకుని, ఆ అరిగిన గుంటలో రాసింది.

పసుపు అంటలేదు. చెక్క మీద నీళ్ళలా జారి ఒక పక్కకు చేరింది. మళ్ళీ రాసింది. మళ్ళీ జారింది. ఆమె వేళ్ళతో గడపను తడిమింది. గాజు పలకలా నున్నగా, చల్లగా ఉంది. మెరుస్తోంది.

"ఏమైంది దీనికి?" అంది.

"కోటింగ్ వేయించామమ్మా" అన్నాడు నవీన్. అది వాడికి గర్వంగా చెప్పుకునే సంగతి, గొంతులో తెలుస్తోంది. "ఇంక ఎంతమంది తొక్కినా అరగదు. బీరు పడినా, మందు పడినా అంటదు. వందేళ్ళు ఇట్లనే ఉంటాది."

"తీసెయ్యొచ్చా ఆ పూత?" అని నేను అడిగాను.

"లోపలికి పట్టేసింది సార్. మిషన్ పెట్టి గీకాలి. పైచెక్కంతా పోతుంది. గుంట ఉండదు."

అక్కమ్మ మళ్ళీ చెంబు అందుకుంది. అందులోని నీళ్ళు పోసి, తన పసుపంతా కడిగి, కొంగుతో గడప తుడిచింది. తుడిస్తే చుక్క మరక కూడా మిగల్లేదు. లేచి, "ఒద్దు నాయినా. నీకాడే ఉండనీ. నేను తీసుకోని పోయి ఏం సేసేది" అంది. లోపల ఎవడో పనివాడు ఇదంతా ఫోనులో తీస్తున్నాడు. నేను ఫోను లాక్కుని నేలకేసి కొట్టాను.

తిరుగు దారిలో అక్కమ్మ నన్ను ఒక్క మాట అడిగింది. "రామప్పన్నా, మీ గడప మీద పెట్టొచ్చునా?"

అడగాలా ఆ మాట! మర్నాడు పొద్దున మా అమ్మ మా గడప కడిగి, పసుపు రాసింది. మునెప్ప ఇంటి అటక మీది చేట ప్రవీణ్ వెళ్ళి తెచ్చాడు, మామ అది కూడా దించి పెట్టలేదు. చేటలో గుడ్డ పరిచి బిడ్డను పడుకోబెట్టారు. రూప, "ఈ బిడ్డ నాకొద్దు" అని మొహం తిప్పుకోవాలి. ఇంగ్లీషు పాఠాలు చెప్పే ఆ పిల్ల, మూఢనమ్మకమని నవ్వుతుందనుకున్నాను, మాట పూర్తి చేయలేక వెక్కివెక్కి ఏడ్చింది. మా అమ్మ గుప్పెడు తవుడు ఇచ్చి బిడ్డను ఎత్తుకుంది. ముసలిదైనా బిడ్డను గట్టిగానే పట్టుకుంది. అక్కమ్మ మొహంలో అప్పుడు బెదురు తగ్గింది. మునెప్ప రోడ్డుకు అవతలినుంచి చూస్తూ నిలబడ్డాడు. వాణ్ణి ఎవరూ పిలవలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కుప్పం తిరిగి పోవడానికి కారు సిద్ధమైంది. అక్కమ్మ ఒకసారి తన ఇంట్లోకి పోయింది. ఇటుకల మీదుగా మామూలుగా నడిచి పోయి, ట్రంకు పెట్టెతో బయటికి వచ్చింది. ప్రవీణ్ అందుకుని డిక్కీలో పెట్టాడు. అది చూసి మునెప్ప పరిగెత్తుకొచ్చాడు.

"ఏం మే, ఎన్నాళ్ళుంటావు ఆడ? పెట్టె యాలకు?"

ఆమె కారెక్కి కూర్చుంది.

"టేకు గడపకు ఆర్డరు ఇచ్చినా మే. వచ్చే వారం వస్తాది. నువ్వుండాల గదా పూజకు. ఎప్పుడొస్తావు?"

అక్కమ్మ బిడ్డను ఒళ్ళో సర్దుకుంది. కోపంగా కూడా లేదు ఆ మనిషి.

"నువ్వు తాగొచ్చి కొట్టిన దినాల్లో పోదామని ఎన్నిసార్లు పెట్టె సర్దినానో నీకు తెలీదు. గడప కాడికొచ్చి నిలబడిపోయేదాన్ని. అది నన్ను దాటనిచ్చేది కాదు. ఇంగ నన్ను ఆపేకి ఆడ ఏముండాదప్పా?"

కారు పుంగనూరు వైపు తిరిగింది. మునెప్ప రోడ్డు నడుమ అట్లాగే నిలబడిపోయాడు. వెనకనుంచి టమాటా లారీవాడు హారను మోగించి, వాడి పుట్టుకను తిట్టేదాకా పక్కకు జరగలేదు.